మన మెమోలో జర్మనీ ఏం చూస్తుంది?

జర్మన్ యూనివర్సిటీల్లో మార్కు తగ్గేకొద్దీ గొప్ప. 1.0 తెచ్చుకున్నవాడు క్లాసులో మొనగాడు, 4.0 తెచ్చుకున్నవాడు బొటాబొటిగా గట్టెక్కినవాడు. హైదరాబాద్‌లోనో కాకినాడలోనో నాలుగేళ్లు బీటెక్ చదివి 7.5 సీజీపీఏ తెచ్చుకున్న విద్యార్థి అక్కడ ఎమ్మెస్‌కు దరఖాస్తు పెడితే, ముందుగా ఆ అంకెను ఈ తలకిందుల కొలతలోకి మారుస్తారు. దానికి వాడేది ‘సవరించిన బవేరియా సూత్రం’. గరిష్ఠ మార్కులోంచి విద్యార్థి మార్కు తీసేయాలి. వచ్చినదాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదో తరగతి పిల్లలు చేసే లెక్కే. చిక్కంతా పాస్ మార్కు దగ్గర వస్తుంది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల్లో పాసవడానికి కావలసిన కనిష్ఠ గ్రేడ్ పాయింటు 5. దాన్ని పట్టుకుంటే 7.5 సీజీపీఏ సరిగ్గా 2.5 అవుతుంది. దరఖాస్తు చూసేవారు కనిష్ఠాన్ని 4గా తీసుకుంటే అదే విద్యార్థికి 2.25 వస్తుంది. శాతాల దారిలో వెళితే ఇంకో తమాషా. సీజీపీఏను శాతంగా మార్చడానికి హైదరాబాద్ జేఎన్‌టీయూ అందులోంచి 0.5 తీసేసి పదితో గుణించమంటుంది. కాకినాడ జేఎన్‌టీయూ చాలా బ్యాచ్‌లకు 0.75 తీసేయమంది. అంటే ఒకే 7.5 హైదరాబాద్‌లో 70 శాతం, కాకినాడలో 67.5 శాతం. పాస్ మార్కు 40 అనుకుంటే మొదటిది 2.5 దగ్గర ఆగుతుంది, రెండోది 2.6 దాటుతుంది. పలు ఎమ్మెస్ కోర్సులు గీత గీసేది ఆ 2.5 దగ్గరే. ఒకరు గీతకు ఇవతల, ఒకరు అవతల.

దశాంశాల దగ్గర ఇంత తేడా ఉందంటే తల్లిదండ్రులకు గుండె దడ పుట్టడం సహజం. నిజానికి జర్మనీ అడ్మిషన్లలో ఎక్కువ మందిని వెనక్కి పంపేది ఈ గ్రేడు ఒక్కటే కాదు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు అసలే కాదు. మెమోలో ఏ సబ్జెక్టులున్నాయి, ఒక్కో సబ్జెక్టు మీద విద్యార్థి ఎన్ని గంటలు పెట్టాడు అన్నదే అక్కడ అసలు ప్రశ్న. తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు సిద్ధమయ్యే ఇళ్లు చాలా తక్కువ. కన్సల్టెన్సీలు దీని గురించి మాట్లాడటం ఇంకా తక్కువ.

ఈ విషయానికి ఇప్పుడు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఉంది. 2022-23 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులు చైనావారిని దాటి మొదటి స్థానానికి చేరారు. మరుసటి ఏడాదికి వారి సంఖ్య 49 వేలు మించింది. అమెరికా వైపు చూస్తే 2023-24లో అక్కడ భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ గుంపులో తెలుగువారి వాటా ఎంతో అమెరికాలో ఏ క్యాంపస్‌కు వెళ్లినా తెలుస్తుంది. కానీ 2025 మే నెలలో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలను ఆపేసింది. జూన్‌లో తిరిగి తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్న షరతు పెట్టింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. ఇంతకాలం డాలస్, చికాగో అనుకున్న కుటుంబాలు మ్యూనిక్, ఆఖెన్, మాగ్డెబర్గ్ పేర్లు పలకడం మొదలుపెట్టాయి. దేశమైతే మార్చుకున్నారు గానీ, అమెరికాకు అలవాటైన ఆలోచనను మాత్రం అలాగే వెంట తీసుకెళ్తున్నారు.

ఆ ఆలోచన ఏమిటంటే, మెకానికల్ చదివినా సివిల్ చదివినా ఎమ్మెస్ మాత్రం కంప్యూటర్స్‌లో చేయొచ్చని. అమెరికాలో అది చెల్లింది, ఇప్పటికీ చాలాచోట్ల చెల్లుతుంది. ఒకటి రెండు ప్రాథమిక కోర్సులు అదనంగా చేయమని చెప్పి చేర్చుకునే యూనివర్సిటీలు అక్కడ బోలెడు. కోవిడ్ తర్వాత జీఆర్‌ఈ అక్కర్లేదన్నవీ తక్కువేం కాదు. వాటి ఉదారత వెనక ఆర్థిక లెక్క ఉంది. విదేశీ విద్యార్థి ఆ రాష్ట్రవాసి కట్టే ఫీజుకు కొన్ని రెట్లు కడతాడు. ఒక సీటు నిండితే ఒక ఆదాయం. ఆ విద్యార్థి కోర్సు సగంలో తడబడినా నష్టపోయేది ముందుగా అతడే.

ఆ తలుపు మరీ బార్లా తెరిస్తే ఏమవుతుందో తెలుగువారికి రెండుసార్లు అనుభవమైంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై ఫెడరల్ అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు చూసి ఇక్కడ ఊళ్లకు ఊళ్లే కలవరపడ్డాయి. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా విచిత్రం. దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే. క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవారు లేరు, వీసా స్టేటస్ కాపాడుకోవడానికి పేరు నమోదు చేసుకుంటే చాలు. పట్టుబడ్డవారిలో ఎక్కువమంది తెలుగువారే. విద్యార్థులను అక్కడ చేర్పించారన్న ఆరోపణపై కేసు ఎదుర్కొన్న ఎనిమిది మంది దళారుల్లోనూ మనవాళ్లున్నారు. ఏ అర్హతా అడగని కాలేజీని అనుమానించాలని అప్పుడైనా తెలిసిరావాలి.

జర్మనీ లెక్క వేరు. 2014 నాటికి అక్కడి అన్ని రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ సాధారణ ట్యూషన్ ఫీజులు రద్దయ్యాయి. 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. 2024-25 శీతాకాలం నుంచి మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కొత్తగా చేరే అలాంటి విద్యార్థులకు ఎమ్మెస్ కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. మిగతా చాలాచోట్ల సెమిస్టర్ చందా తప్ప ఫీజు లేదు. అంటే ఒక్కో విదేశీ విద్యార్థి మీద జర్మన్ పన్ను చెల్లింపుదారుడు ఖర్చు పెడుతున్నాడు. అతడు కోర్సు మధ్యలో వదిలేస్తే ఆ నష్టం యూనివర్సిటీది, ప్రభుత్వానిది. అందుకే తెలివైనవాడా కాదా అన్నదానికంటే తమ రెండో సెమిస్టర్ పాఠం ఇతనికి అర్థమవుతుందా అన్నదాన్ని వాళ్లు ముందు చూస్తారు.

అక్కడి ఎమ్మెస్‌లలో ఎక్కువ భాగం బ్యాచిలర్స్‌కు కొనసాగింపు కోర్సులు. యూనివర్సిటీ తన సొంత బ్యాచిలర్స్ సిలబస్‌ను పక్కన పెట్టుకుని మన మెమోను దానితో పోల్చి చూస్తుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ పనిని బాహాటంగానే పాయింట్ల రూపంలో చేస్తుంది. ఏ విభాగంలో ఎన్ని సబ్జెక్టులు సరిపోయాయో దాన్ని బట్టి కొన్ని పాయింట్లు, గ్రేడుకు కొన్ని. పాయింట్లు బాగా ఎక్కువ వచ్చినవారికి నేరుగా సీటు, బాగా తక్కువ వచ్చినవారికి నేరుగా తిరస్కరణ, మధ్యలో మిగిలినవారికి ఇంటర్వ్యూ లేదా పరీక్ష. ఇంటర్‌లో వెయ్యికి 985 వచ్చాయన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా రాదు. కార్పొరేట్ కాలేజీ హోర్డింగు మీద ఫొటో పడిన పిల్లాడైనా అంతే.

ఒక మెమోను దగ్గరగా చూద్దాం. ఆర్18 కింద చదివిన ఈసీఈ విద్యార్థి మొదటి సెమిస్టర్ మెమోలో ‘మ్యాథమెటిక్స్-1’ అని ఉంటుంది, నాలుగు క్రెడిట్లు. రెండో సెమిస్టర్‌లో ‘మ్యాథమెటిక్స్-2’, మరో నాలుగు. జర్మనీలో కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాది విద్యార్థి లీనియర్ ఆల్జీబ్రా ఒక సబ్జెక్టుగా, అనాలిసిస్ మరో సబ్జెక్టుగా, డిస్క్రీట్ మ్యాథ్స్ ఇంకో సబ్జెక్టుగా చదువుతాడు. మన ఎం-1లో మాట్రిక్సులు, ఐగెన్ వాల్యూలు ఉన్నాయి. అవి మొదటి యూనిట్లలో ఉన్నాయని మనకు తెలుసు. మ్యూనిక్‌లో కూర్చుని ఆ మెమో చూసే ప్రొఫెసర్‌కు తెలియదు. ఆయనకు కనిపించేది ‘గణితం, ఒకటో భాగం’ అన్న పేరొక్కటే. పూర్తి సిలబస్ జతపరిస్తే చూస్తాడు, లేకపోతే లీనియర్ ఆల్జీబ్రా గడిలో సున్నా వేసి ముందుకు పోతాడు. థియరీ ఆఫ్ కంప్యూటేషన్ ఈసీఈలో ఎలాగూ లేదు కాబట్టి అక్కడ ఇంకో సున్నా. పదికి తొమ్మిది సీజీపీఏ ఉన్నా ఈ సున్నాలు పూడవు.

క్రెడిట్ల లెక్కా అలాంటిదే. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018 నమూనా పాఠ్యప్రణాళిక తర్వాత మన బీటెక్ సుమారు 160 క్రెడిట్లకు వచ్చింది. ఐరోపా లెక్కలో ఏడాదికి 60 చొప్పున నాలుగేళ్లకు 240 ఈసీటీఎస్ క్రెడిట్లు. మన ఒక క్రెడిట్‌ను ఒకటిన్నరగా లెక్కగట్టే అలవాటు అందుకే వచ్చింది. కానీ రెండింటి వెనక ఉన్న భావం ఒకటి కాదు. మన క్రెడిట్ వారానికి ఎన్ని గంటలు క్లాసులో కూర్చున్నాడో చెబుతుంది. వారి క్రెడిట్ విద్యార్థి మొత్తం శ్రమను లెక్కిస్తుంది. క్లాసు, ల్యాబు, ఇంట్లో చదువు, పరీక్షకు తయారీ అన్నీ కలిపి ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. ఆరు ఈసీటీఎస్ సబ్జెక్టు అంటే 150 నుంచి 180 గంటల పని. మన నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో తరగతి గంటలు 64 దాకా ఉంటాయి. మిగిలిన గంటలను మనం ఎక్కడా రాసుకోలేదు. పరీక్ష ముందు వారంలో ఆల్-ఇన్-వన్ చదివి గట్టెక్కే సంస్కృతిలో ఆ గంటలు నిజంగా ఎన్నో రాసుకోకపోవడమే మేలేమో, అది వేరే సంగతి.

పద్ధతిలో తర్కం ఉంది, కాదనలేం. అయినా ఇందులో ఒక కఠినత్వం ఉంది. మనదగ్గర బ్రాంచి నిర్ణయమయ్యేది పదిహేడేళ్ల వయసులో, ఈఏపీసెట్ వెబ్ కౌన్సెలింగ్‌లో. ర్యాంకు ఎంత, కాలేజీ ఇంటికి ఎంత దూరం, పక్కింటి అన్నయ్య ఏం పెట్టాడు అన్నవాటితో ఆప్షన్ల జాబితా తయారవుతుంది. ఆ ఒక్క రాత్రి ఇంటర్నెట్ సెంటర్‌లో పెట్టిన ఆప్షన్లు నాలుగేళ్ల తర్వాత జర్మనీ గేటు దగ్గర గుర్తుకొస్తాయి. మూడో ఏడాదిలో తనకు ఏది ఇష్టమో కనిపెట్టిన మెకానికల్ విద్యార్థికి అమెరికా ఇచ్చే రెండో అవకాశం అక్కడ దాదాపు ఉండదు. కొన్ని యూనివర్సిటీలు కొద్దిపాటి లోటు ఉంటే షరతుతో సీటిచ్చి, తక్కువైన బ్యాచిలర్స్ సబ్జెక్టులను వచ్చాక పూర్తి చేయమంటాయి. లోటు పెద్దదైతే అదీ లేదు.

ఒక సందు మాత్రం ఇక్కడే ఉంది, వాడుకునేవారు తక్కువ. సొంత బ్రాంచి వదలకుండానే మరో బ్రాంచిలో ‘మైనర్’ చేసే వెసులుబాటును మన యూనివర్సిటీలు ఇస్తున్నాయి. 18 నుంచి 20 క్రెడిట్లు అదనం. ఈసీఈ విద్యార్థి కంప్యూటర్ సైన్స్ మైనర్ చేస్తే ఆ సబ్జెక్టులు మార్కుల పత్రంలో అచ్చవుతాయి. ఐరోపా లెక్కలో అవి దాదాపు 27 నుంచి 30 క్రెడిట్ల దాకా వస్తాయి. ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఎన్ని జతచేసినా రాని విలువ దీనికి వస్తుంది, ఎందుకంటే ఇది యూనివర్సిటీ ముద్రతో వచ్చిన క్రెడిట్. అయితే మైనర్ గురించి తెలుసుకోవాల్సింది రెండో ఏడాదిలో. కన్సల్టెన్సీ గడప తొక్కేది నాలుగో ఏడాదిలో.

పత్రాల తతంగం ఇంకో అధ్యాయం. 2022 నవంబరు 1 నుంచి జర్మనీ విద్యార్థి వీసాకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరైంది. చైనాలో ఈ వ్యవస్థ 2001 నుంచే ఉంది. ఢిల్లీలోని ఏపీఎస్ కార్యాలయం పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మెమోలన్నీ అసలువేనా అని సరిచూస్తుంది. రుసుము 18,000 రూపాయలు. దీన్ని అవమానంగా భావించినవారున్నారు. నకిలీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, దిద్దిన మెమోలు ఏ సందులో దొరుకుతాయో అమీర్‌పేటలో నాలుగు రోజులు తిరిగినవారికి తెలుసు కాబట్టి, ఆ అవమానంలో మనకూ వాటా ఉందని ఒప్పుకోక తప్పదు. నిజాయితీగా చదివినవారికి ఇది ఒకరకంగా రక్షణే. మొదట్లో సర్టిఫికెట్ కోసం నెలల తరబడి ఎదురుచూసి ఇన్‌టేక్ పోగొట్టుకున్నవారి బాధ మాత్రం నిజం.

ఆ తర్వాత యూని-అసిస్ట్. 2003లో బెర్లిన్‌లో ఏర్పాటైన ఈ సంస్థ దాదాపు 170 యూనివర్సిటీల తరఫున విదేశీ దరఖాస్తులను మొదటి వడపోత పోస్తుంది. మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో ఆపై ఒక్కోదానికి 30. ఇది పేపర్లు సక్రమంగా ఉన్నాయా లేదా అని మాత్రమే చూస్తుంది. సీటు ఇచ్చేది యూనివర్సిటీ. శీతాకాల ప్రవేశాలకు సాధారణ గడువు జులై 15 అని ఎక్కడో చదివి నిశ్చింతగా ఉండేవారు చాలామంది. విదేశీయుల కోసం ఇంగ్లిష్ కోర్సులు నడిపే పెద్ద యూనివర్సిటీలు వసంతంలోనే తలుపు మూసేస్తాయి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పలు కోర్సులకు మే 31తో సరి.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒక అపోహ పోవాలి. ‘బ్లాక్డ్ అకౌంట్’లో వేసేది ఫీజు కాదు, విద్యార్థి తినడానికీ ఉండడానికీ పెట్టుకునే సొమ్ము. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. మన లెక్కలో సుమారు 12 లక్షల రూపాయలు. చదువు ఉచితమన్న మాట విని ఈ మొత్తానికి సిద్ధం కాకుండా వీసా మెట్టు దగ్గర ఆగిపోయే మధ్యతరగతి ఇళ్లు ఎన్నో. 2024 మార్చి నుంచి విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు గనుక అక్కడికి వెళ్లాక కొంత సర్దుకుంటుంది గానీ, ఆ పని ఆదాయాన్ని వీసా అధికారికి ముందుగా చూపించలేం.

దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీ లేఖ విషయంలోనూ అమెరికా పాత అలవాటు దెబ్బకొడుతుంది. చిన్నప్పుడు రేడియో విప్పి చూశాను, అప్పటినుంచి ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణం అనే పేరాతో మొదలయ్యే లేఖలు మన కన్సల్టెన్సీల్లో పేర్లు మార్చుకుని తిరుగుతుంటాయి. జర్మన్ ప్రొఫెసర్ అడిగేది ఒకటి రెండు పేజీల్లో, మా కోర్సులో ఏ భాగం నీకు కావాలి, దానికి ముందు ఏం చదివావు అని. కొన్ని యూనివర్సిటీలు ఇది నేనే రాశానని సంతకంతో హామీ తీసుకుంటాయి. నాలుగేళ్ల సిలబస్ తెలిసిన విద్యార్థి గంటలో రాయగలిగే లేఖ అది. తెలియనివాడి తరఫున కన్సల్టెన్సీ ఎంత రాసినా బయటపడుతుంది.

సరిపడా సబ్జెక్టులు లేనివారికి ఎదురయ్యే ప్రలోభం ప్రైవేటు యూనివర్సిటీ. కమీషన్ ఇచ్చేది అవే కాబట్టి ఏజెంట్లు వాటినే ముందుపెడతారు. బ్రాంచి అడగరు, సబ్జెక్టులు లెక్కపెట్టరు, ఫీజు మాత్రం ఏడాదికి లక్షల్లో. ఆన్‌లైన్, క్యాంపస్ కలగలిపిన అలాంటి కోర్సులో చేరిన భారతీయ విద్యార్థులకు నివాస అనుమతి విషయంలో బెర్లిన్ అధికారులు 2025లో అభ్యంతరం చెప్పడంతో కొందరు దేశం విడిచి రావాల్సిన పరిస్థితి ఏర్పడింది. అడ్మిషన్ లెటర్ చేతిలో ఉండటం, అక్కడ ఉండే హక్కు ఉండటం రెండు వేరు సంగతులని వారికి ఆలస్యంగా తెలిసింది.

ఇదంతా విద్యార్థి మీదకే నెట్టేయడం న్యాయం కాదు. జర్మనీలో ప్రతి కోర్సుకూ ఒక మాడ్యూల్ పుస్తకం ఉంటుంది. సబ్జెక్టులో ఏం చెబుతారు, ఎన్ని గంటల పని, పరీక్ష ఎలా అన్నది అందులో ఎవరైనా చూసుకోవచ్చు. మనదగ్గర విద్యార్థి సిలబస్ కాపీపై ప్రిన్సిపల్ సంతకం కోసం, కనిష్ఠ పాస్ మార్కు ఎంతో చెప్పే లేఖ కోసం, ట్రాన్స్‌క్రిప్టుల కోసం పరీక్షల విభాగం కిటికీ ముందు నిలబడతాడు. స్వయంప్రతిపత్తి కాలేజీలు పెరిగాక ఒక్కో కాలేజీది ఒక్కో గ్రేడింగ్, ఒక్కో సిలబస్. ఆ వైవిధ్యం మంచిదే గానీ బయటివారికి అర్థమయ్యేలా రాసిపెట్టే బాధ్యతను ఎవరూ తీసుకోలేదు. సీజీపీఏను శాతంగా మార్చే సూత్రం ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు విడిపోయిన యూనివర్సిటీల మధ్య ఏళ్ల తరబడి ఒకటి కాలేదు.

మారిన ఉదాహరణ కూడా ఒకటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో ‘మ్యాథమెటిక్స్-1’ పోయి ‘మాట్రిక్సులు, కాలిక్యులస్’ అన్న పేరు వచ్చింది. ‘మ్యాథమెటిక్స్-2’ స్థానంలో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్ పేరులోనే కనిపిస్తున్నాయి. పైసా ఖర్చు లేని మార్పు ఇది. ఆ పేరు పక్కనే తరగతి గంటలు ఎన్ని, సొంత చదువు గంటలు ఎన్ని అన్న రెండు గడులు చేర్చి, మెమో వెనకవైపు కనిష్ఠ గ్రేడును స్పష్టంగా అచ్చువేసి, అన్ని సబ్జెక్టుల వివరాలూ ఒకే ఇంగ్లిష్ పీడీఎఫ్‌గా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెడితే ప్రిన్సిపల్ సంతకం కోసం తిరగాల్సిన పని చాలావరకు తప్పుతుంది. పాఠ్యప్రణాళిక సంఘాలు తదుపరి సవరణకు కూర్చున్నప్పుడు అజెండాలో ఈ మూడు అంశాలూ ఉన్నాయో లేవో చూడాల్సింది ఉన్నత విద్యా మండళ్లు.